సెల్లార్‌లో నాటిక: ఎనిమిది వారాల ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున్నే టేపు పట్టుకుని సెల్లార్ కొలిచాను. పొడవు 60 అడుగులు, వెడల్పు 40. ఎత్తు తొమ్మిది అడుగులకు రెండంగుళాలు తక్కువ. స్తంభాలు ఎనిమిది. ఒక మూల సంపు, దాని పక్కన బోరు మోటారు స్టార్టర్, ఇంకో మూల లిఫ్టు, ర్యాంపు కింద వాచ్‌మన్ గది. కార్లు పదకొండు, బండ్లు బోలెడు. ఇక్కడ మేం నాటిక వేయబోతున్నాం. యాభై నిమిషాలది. బయటి నుంచి ఎవరినో పిలిపించి కాదు, ఇక్కడుండేవాళ్ళమే ఆడాలి. తేదీ ఏప్రిల్ 19, శనివారం అనుకున్నాం. చేతిలో ఎనిమిది వారాలున్నాయి.

మాది హైదరాబాద్ విద్యానగర్, ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. తొమ్మిదేళ్ళ నుంచి ఉంటున్నా చాలామందిని ఫ్లాట్ నంబరుతోనే గుర్తుపడతాను. పోయిన ఎండాకాలం బోరు ఎండిపోయినప్పుడు, ట్యాంకర్ కోసం పదిమందిమి అర్ధరాత్రి దాకా ఈ సంపు గట్టు మీద కూర్చున్నాం. మొదట అందరం ఫోన్లు చూసుకున్నాం. తర్వాత ఎవరు మొదలుపెట్టారో గాని మాటలు మొదలయ్యాయి. 205లో ఉండే టీచరమ్మ వాళ్ళ ఊరి మోటబావి సంగతి చెప్పారు. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన, అప్పటిదాకా నాతో గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట అనని మనిషి, కొడుకు ఫోన్ చేసి నెలైందని చెప్పి ఊరుకున్నారు. ట్యాంకర్ ఒంటిగంటకు వచ్చింది. మర్నాటి నుంచి మళ్ళీ గుడ్ మార్నింగే. నాకు ఆ రాత్రి మనసులోంచి పోలేదు. దాన్నే నాటికగా రాసుకున్నాను. పేరు 'ట్యాంకర్ వస్తది'. పాత్రలు నాలుగు: ఒక అమ్మమ్మ, ఒక ఉద్యోగి, ఒక డెలివరీ పిల్లగాడు, వాచ్‌మన్ భార్య.

హాలు తీసుకుని వేయొచ్చు కదా అని మా ఆవిడే అడిగింది. ఠాగూర్ శతజయంతి సంవత్సరం 1961లో కట్టిన రవీంద్రభారతిలో నాన్న పక్కన కూర్చుని చూసిన నాటకాలే నాకు ఈ పిచ్చి పట్టించాయి. ఆ మెట్లెక్కుతుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ హాలుకు వచ్చేవాళ్ళు ఎలాగూ నాటకం ఇష్టపడేవాళ్ళే. నాకు కావాల్సింది మా లిఫ్టులో ఎక్కేవాళ్ళు. తిండి, కూరగాయలు, సినిమా, డాక్టరు, అన్నీ ఇంటికే వస్తున్న ఊళ్ళో ఉంటున్నాం. నాటకం ఒక్కటే ఇంటికి రాదు, మనమే వెళ్ళాలి. కనీసం ఐదు అంతస్తులు దిగి రాగలరేమో చూద్దాం.

నాట్యశాస్త్రంలో రంగశాల కొలతలున్నాయి. మనుషుల కోసం కట్టే రంగశాల 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉంటే మేలంటాడు భరతుడు. అంటే 96 అడుగులు, 48 అడుగులు. అంతకన్నా పెద్దదైతే మాట స్పష్టంగా వినపడదు, ముఖంలో భావం కనపడదు అని కారణం కూడా చెప్పాడు. మా సెల్లార్ అందులో సగముంటుంది. ఆ లెక్క కట్టాక ధైర్యం వచ్చింది.

మార్చి 2, ఆదివారం

అసోసియేషన్ మీటింగ్‌లో పర్మిషన్ అడిగాను. ప్రెసిడెంట్ సార్ రెండే అడిగారు: కార్లు ఎక్కడ పెట్టాలి, కరెంటు ఎంత కాలుతుంది. కార్లకు వెనక వీధిలో ఖాళీ ప్లాటు ఉంది, ఒక్క రాత్రికి ఓనర్ ఒప్పుకున్నాడు. కరెంటు యూనిట్ల లెక్క కాగితం మీద వేసి చూపించాను. పర్మిషన్ వచ్చింది.

402 ఆయన మాత్రం ఒక మాట అన్నారు. "మంచి ఆలోచనే సార్. వీడియో తీసి గ్రూపులో లింక్ పెట్టండి, తీరిక ఉన్నప్పుడు చూస్తం." ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. అయినా నేను రాత్రంతా దాని గురించే ఆలోచించాను. తీరిక ఉన్నప్పుడు చూడగలిగేదైతే, అవతల ఆడేవాడికి మనం ఉన్నా లేకపోయినా ఒకటే. ఫోన్‌లో కనిపించే మనిషి అసలు మనిషా, కంప్యూటర్ తయారుచేసిన బొమ్మా అని అనుమానించాల్సిన రోజులొచ్చాయి. నాటకంలో ఆ అనుమానానికి చోటు లేదు. టీచరమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడి మాట్లాడుతుంటే ఆవిడ ఊపిరి కూడా వినపడుతుంది. వీడియో తీయకూడదని అనుకున్నాను. రేపు గ్రూపులో ఆ మాటే చెబుతాను.

మార్చి 9, ఆదివారం

మొదటి చదువు. టెర్రస్ మీద చాప వేసుకుని కూర్చున్నాం. అమ్మమ్మ పాత్ర టీచరమ్మకు ఇచ్చాం. గవర్నమెంటు స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు, వయసు అరవై ఏడు. ఉద్యోగి పాత్ర కింద మెడికల్ షాపు నడిపే అన్నకు. వాచ్‌మన్ భార్యగా మూడో అంతస్తు అమ్మాయి, బీకాం రెండో సంవత్సరం. డెలివరీ పిల్లగాడి వేషానికి మా ఆఫీసులో పనిచేసే తమ్ముడొకడు ఉప్పల్ నుంచి వస్తానన్నాడు. కాలేజీలో ఏకపాత్రాభినయానికి ప్రైజు కొట్టినవాడు.

భాష దగ్గర గంట చర్చ జరిగింది. స్క్రిప్టు తెలంగాణ మాటలో రాశాను. మెడికల్ షాపు అన్నది గుంటూరు వైపు. "నేను 'వస్తది' అంటే నవ్వుతారండీ, 'వస్తుంది' అంటాను" అన్నారు. అలాగే అనమన్నాను. మా సెల్లార్‌లో అన్ని యాసలూ ఉన్నాయి, స్టేజీ మీదా ఉండనీ. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడినప్పుడు గురజాడ చేసింది అదే కదా, ఎవరి నోట్లో మాట వాళ్ళకు పెట్టారు.

కానీ అసలు సమస్య యాసది కాదు, గొంతుది. అందరూ వాక్యం చివర గొంతు దించేస్తున్నారు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మనమంతా అంతే. తెలుగులో క్రియ ఉండేది చివరనే. 'ట్యాంకర్ ఇయ్యాల వస్త...' దాకా గట్టిగా చెప్పి మిగతాది మింగేస్తే, అది వస్తదా, వస్తలేదా, వస్తదంటనా? ప్రేక్షకుడికి నాటకం మొత్తం అక్కడే పోతుంది. టీచరమ్మ వెంటనే పట్టేశారు. "పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు ఆఖరి అక్షరం దాకా మొయ్యాలె నాయనా" అన్నారు. స్క్రిప్టులో ప్రతి వాక్యం చివరి మాట కింద గీత గీసుకున్నాం. ఈ వారం పని ఇంతే.

మార్చి 16, ఆదివారం

సెల్లార్‌లో మొదటిసారి నిలబడి చదివాం. ఘోరం. చప్పట్లు కొట్టి చూస్తే చప్పుడు తోకలాగా సాగుతోంది. నేల కాంక్రీటు, పైకప్పు కాంక్రీటు, గోడలు సిమెంటు, శబ్దం ఇంకిపోయే చోటే లేదు. ఒక మాట చెవిని వదలకముందే రెండో మాట వచ్చి దాని మీద పడుతోంది.

సౌండ్ సిస్టం పెట్టుకుందామా అన్నాడు తమ్ముడు. మైకు పెడితే ఆ ప్రతిధ్వని కూడా పెద్దదవుతుంది. గొంతు స్పీకర్లోంచి వస్తే మనిషి ఎటు నిలబడి మాట్లాడుతున్నాడో చెవికి తెలియదు. వద్దనుకున్నాం.

దీనికి మందు బట్టే. బొంతలు, పరుపుల కవర్లు, పాత కర్టెన్లు, ఏవుంటే అవి ఇమ్మని గ్రూపులో అడిగాను. సాయంత్రానికి పద్నాలుగు బొంతలు వచ్చాయి. స్తంభాల మధ్య నైలాన్ తాడు కట్టి, గోడకు నాలుగంగుళాలు ఎడంగా వేలాడదీశాం. గోడకు అంటించి కడితే అంత లాభం ఉండదు, వెనక గాలి ఉంటేనే బొంత ఎక్కువ శబ్దాన్ని పీల్చుకుంటుంది. నేల మీద శత్రంజీలు పరిచాం. మళ్ళీ చప్పట్లు కొట్టాం. తోక సగానికి తెగింది. రేపు మనుషులు వచ్చి కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. మనిషి ఒళ్ళు, బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి.

బొంతల్లో ఒకటి 104 అవ్వది. పాత చీరల ముక్కలతో చేత్తో కుట్టింది, ఎర్రది, పచ్చది, మామిడిపిందెల అంచు. దాన్ని వెనక గోడకు కాకుండా స్టేజీ వైపు కట్టమని బీకాం అమ్మాయి అంది. సెట్ మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

మార్చి 23, ఆదివారం

ఉప్పల్‌లో మ్యాచ్. తమ్ముడు రెండు గంటలు ఆలస్యం. మిగతా ముగ్గురితో మొదటి పదిహేను నిమిషాల కదలికలు ఖాయం చేశాం. నేల మీద రంగు టేపు అంటించాను. మోటారు ఆటోమేటిక్‌గా ఆరింటికి ఆన్ అవుతుందని ఇవాళే తెలిసింది. ప్రదర్శన రోజు మధ్యాహ్నమే ట్యాంకు నింపేసి దాన్ని ఆపేయాలి.

మార్చి 27, గురువారం

ఇవాళ ప్రపంచ రంగస్థల దినోత్సవం. సెలవు పెట్టి పొద్దున ఆరున్నరకే జుమ్మేరాత్ బజార్ వెళ్ళాను. పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం జరిగే సంత అది. పాత తలుపులు, తుప్పు పట్టిన సైకిళ్ళు, ఆగిపోయిన గడియారాలు, ఒంటి చెప్పు కూడా దొరుకుతుంది. అక్కడ కొన్నవి: ఇనుప స్టూలు, మూతలేని డ్రమ్ము, పాత టార్చ్‌లైటు, సొట్టపడిన స్టీలు బిందె. మొత్తం 850. బిందె అమ్మినాయన ఎందుకని అడిగితే నాటకానికి అన్నాను. "డ్రామాకా? మా అబ్బా హార్మోనియం బాగు చేసేటోడు సాబ్" అని పదిహేను రూపాయలు తగ్గించాడు.

తిరిగొస్తూ పబ్లిక్ గార్డెన్స్ ముందు బండి ఆపాను. నా ఎనిమిదో ఏట అక్కడి లలిత కళాతోరణంలో సురభి వాళ్ళ మాయాబజార్ చూశాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, తరాలుగా కుటుంబమంతా నాటకమే బతుకుగా ఉన్నవాళ్ళు. ఆడ వేషాలు మగవాళ్ళు కట్టే కాలంలోనే వాళ్ళ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. తీగలతో, రంగు తెరలతో వాళ్ళు చేసే మాయలకు నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఆట అయ్యాక నాన్న తెర వెనక్కి తీసుకెళ్ళాడు. కిరీటం ఇంకా తీయని రాణి ఒకావిడ చంటిబిడ్డకు పాలడబ్బా పడుతోంది. మాయ ఎలా చేస్తారో తెలిసిపోతే ఇష్టం పోతుందంటారు. నాకు ఆ రోజు నుంచే ఎక్కువైంది. సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు నాన్న స్వీట్లు పంచాడు, సొంత మనిషికి వచ్చినట్టు.

ఏప్రిల్ 3, గురువారం

లైట్లు. అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్న పని.

ముందు ట్రూప్ బజార్ వెళ్ళి 50 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లు నాలుగు తెచ్చాను. వెలుగు బాగానే ఉంది కానీ వెలుగు తగ్గించే డిమ్మర్‌కు కలిపితే మిణుకుమిణుకుమంటున్నాయి. మామూలు ఎల్ఈడీ లోపలుండే డ్రైవర్ కరెంటు తగ్గించడానికి చేసింది కాదు, తగ్గిస్తే తడబడుతుంది. నాటకంలో రాత్రి మెల్లగా ముదరాలి, టక్కున ఆరిపోకూడదు. మళ్ళీ ట్రూప్ బజార్ వెళ్ళి పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటు బల్బులు ఆరు వెతికి తెచ్చాను. వీటిని తగ్గిస్తుంటే తెలుపు పసుపై, పసుపు నారింజై, చివరికి ఎర్రటి పోగు ఒక్కటి మిగులుతుంది. ఎల్ఈడీలు ప్రేక్షకులు వచ్చే దారికి పెట్టేశాను.

బల్బు వెలుగు అన్ని వైపులా చిందకుండా డొప్పలు కావాలి. హోటల్ నుంచి 15 కిలోల నూనె డబ్బాలు ఆరు తెచ్చి, ఒక పక్క కోసేసి, బయటవైపు నల్లరంగు వేశాను. పైన వేడి పోవడానికి మేకుతో చిల్లులు. ప్రతి డబ్బాకు ఎర్త్ వైరు తప్పనిసరి, ఎందుకంటే స్టేజీ మీద నీళ్ళుంటాయి. ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఆ మాట వినగానే చేస్తున్న పని ఆపేశాడు. "నీళ్ళు, కరెంటు ఒక్కకాడ ఉంటయంటే నేను చెప్పినట్టు చెయ్యాలె అన్నా." అతను చెప్పినట్టే చేశాం. వైర్లన్నీ స్తంభాల మీద నుంచి, ఒక్కటి కూడా నేల మీద ఉండకూడదు. బోర్డు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టాలి, కరెంటు ఎక్కడైనా లీకైతే కన్ను మూసేలోపు పడిపోవాలి. మొత్తం లోడు 800 వాట్లు, అంటే మూడున్నర ఆంపియర్లు. భారం ఎక్కువేం కాదు. అయినా మనుషుల ప్రాణాలు కాబట్టి టెస్ట్ బటన్ నాలుగుసార్లు నొక్కి చూశాం.

ఇంకో చిక్కు ఎత్తు. మామూలుగా లైటు ముందు నుంచి, ఏటవాలుగా, తలకు బాగా పైనుంచి పడాలి. మా పైకప్పు అంత ఎత్తు లేదు. నేరుగా నెత్తి మీద పెడితే కళ్ళు గుంటల్లాగా నల్లగా కనపడుతున్నాయి. ఎదురుగా పెడితే ముఖం పూరీలాగా చదునుగా ఉంది. చివరికి పక్క స్తంభాల వెనక, మనిషి తల ఎత్తులో, అటు మూడు ఇటు మూడు పెట్టాం. చెంప ఒకవైపు వెలిగింది, ఇంకోవైపు నీడ పడింది. టీచరమ్మ ముఖంలో ముడతలన్నీ కనపడ్డాయి. ఆవిడ అద్దంలో చూసుకుని "ఇట్లనే ఉండనీ" అన్నారు.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. రిహార్సల్ లేదు. పందిళ్ళ వల్ల టెంట్ హౌస్‌లో సైడ్ వాల్స్ ఒక్కటీ మిగల్లేదు. 17వ తేదీకి ఇస్తామన్నారు. పాతబస్తీ మదీనా దగ్గర నల్లబట్ట 40 మీటర్లు కొన్నాను, మీటరు 60. పానకం తాగి కుట్టు మిషను ముందు కూర్చున్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

నాటికలో వాచ్‌మన్ భార్య రెండో అంతస్తు వాళ్ళ బిందె మోసుకుంటూ స్టేజీ దాటుతుంది. దాటుతూ నాలుగు వాక్యాలు చెప్పాలి. బీకాం అమ్మాయి బాగా చెబుతోంది, గొంతు బాగుంది, చివరి అక్షరం దాకా వినపడుతోంది. అయినా ఎక్కడో అబద్ధంగా ఉంది. నడక మార్చి చూశాం, బిందె అటు చంక నుంచి ఇటు చంకకు మార్చాం. లాభం లేదు.

మా వాచ్‌మన్ భార్య, మహబూబ్‌నగర్ వైపు ఆవిడ, రోజూ గది గడపలో కూర్చుని రిహార్సల్ చూస్తుంటుంది. ఎప్పుడూ ఏమీ అనదు. ఇవాళ నేనే అడిగాను, "అక్కా, నీకేమనిపిస్తుంది?" అని. కాసేపు నవ్వి ఊరుకుంది. మళ్ళీ అడిగితే, "ఉత్త బిందె మోసేటోళ్ళు గట్లనే నడుస్తరు సార్" అంది.

లేచొచ్చి బిందె తీసుకుని సంపులోంచి నింపింది. పదిహేను లీటర్లు, అంటే పదిహేను కిలోలు. ఎలా ఎత్తాలో చూపించింది. ముందు రెండు చేతులతో మోకాలి మీదికి. అక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడంలోనే ఊపిరి పీల్చుకోవాలి. తర్వాత నడుము పక్కకు విసిరి బిందెను దాని మీదికి ఎక్కించాలి. ఎక్కిన వెంటనే ఒళ్ళు అవతలి పక్కకు వంగుతుంది, ఖాళీగా ఉన్న చెయ్యి దూరంగా జరుగుతుంది. అడుగులు చిన్నవవుతాయి. మెడ తిరగదు, ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషే తిరగాలి. "మాట్లాడేటప్పుడు గింత ఆగాలె. ఊపిరి బిందెకు పోతది, మాటకు ఉండదు" అంది.

అమ్మాయి నిండు బిందెతో మళ్ళీ చేసింది. మొదటి వాక్యం చెప్పింది, రెండోది మధ్యలో తెగింది. ఆగి, బిందె సర్దుకుని, మిగతా సగం చెప్పింది. నాలుగో వాక్యం పూర్తిగా చెప్పలేకపోయింది, సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. నీళ్ళు చింది కొంగు తడిసింది. మేమెవరం మాట్లాడలేదు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నేను వారం రోజులు కూర్చున్నాను. నీళ్ళ బరువు వాటిని తనకు కావాల్సినట్టు కోసి పెట్టింది. నాలుగో వాక్యం స్క్రిప్టులోంచి కొట్టేశాను.

అక్కను మాతో చేరమని అడిగాం. స్టేజీ ఎక్కనంది. కానీ బిందె సీను రోజూ తనే చూస్తానంది. కరపత్రంలో 'నడక నేర్పినవారు' అని తన పేరు వేస్తాం.

ఏప్రిల్ 13, ఆదివారం

మొదటిసారి ఆపకుండా మొత్తం నడిపాం. అరవై ఎనిమిది నిమిషాలు వచ్చింది. టీచరమ్మ రెండుచోట్ల మాట మరిచిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నా బుర్ర అయిపోయింది నాయనా, ఇంకెవరినన్నా చూసుకోండి." మేం ఎవరం ఒప్పుకోలేదు. స్తంభం వెనక ప్రాంప్టింగ్‌కు, అంటే మరిచిపోయిన మాట అందించడానికి, నేను కూర్చుంటాను. పూర్వం పద్యనాటకాల్లో మహానటులకు కూడా పక్క తెర దగ్గర పుస్తకం పట్టుకున్న మనిషి ఉండేవాడు.

తర్వాత ఆవిడ మెట్ల మీద కూర్చుని చెప్పిన మాట: రిటైరయ్యాక ఇంట్లో ఎవరితోనైనా రెండు వాక్యాలకు మించి మాట్లాడితే వాళ్ళ కళ్ళు ఫోన్ వైపు వెళ్ళిపోతాయట. ఇక్కడ తను మాట్లాడుతుంటే ముగ్గురు మనుషులు తన ముఖమే చూస్తున్నారు, ఎందుకంటే తన మాట చివర వాళ్ళ మాట మొదలు కావాలి. "వినకపోతే వాళ్ళ వంతు తప్పిపోతది కదా. అందుకన్నా వింటరు." వారానికి మూడుసార్లు మోకాళ్ళ నొప్పితో కిందికి వస్తున్నది అందుకేనట.

నిడివి తగ్గించాలి. నా సొంత డైలాగులు పన్నెండు నిమిషాల మేర కోసేశాను. ఉద్యోగి పాత్ర ఉపన్యాసం మొత్తం పోయింది. మెడికల్ షాపు అన్నకు అది చాలా ఇష్టం, పాపం ఏమీ అనలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు. 1880లో రాజమహేంద్రవరంలో ఆయన వ్యవహార ధర్మబోధిని ఆడించారు. ఆడింది ఆయన విద్యార్థులు. కథ పురాణం కాదు, ఊళ్ళో ప్లీడర్ల అక్రమాలు. ఆధునిక తెలుగు నాటకం అలా మొదలైంది, ఊళ్ళో అందరికీ తెలిసిన బాధ మీద, తెలిసిన పిల్లల చేత. నీళ్ళ ట్యాంకర్ మీద నాటకమేమిటని ఆఫీసులో ఒకాయన అడిగాడు. ఆయనకు ఇదే చెప్పాను.

నిడివి ఇవాళ 53 నిమిషాలకు వచ్చింది.

ఏప్రిల్ 18, శుక్రవారం

కార్లు తీయడం, నేల కడగడం, సైడ్ వాల్స్ కట్టడం. 80 కుర్చీలు వచ్చాయి, వేసి చూస్తే స్తంభాల వెనక పదకొండు కుర్చీల నుంచి స్టేజీ కనపడటం లేదు. అవి తీసేసి ముందు పిల్లలకు శత్రంజీ వేశాం. లిఫ్టు చప్పుడు ఆపలేం, అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళున్నారు. లిఫ్టు తలుపు మోగినప్పుడల్లా నలుగురూ అటు చూడాలని నిర్ణయించాం, ఎవరో దిగుతున్నారని. రాత్రి పన్నెండుకు అందరం మిర్చి బజ్జీలు తిన్నాం. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

నిన్న ఆడాం.

ఏడున్నరకు మొదలు. ఏడు ఇరవైకి ముప్పై మంది కూడా లేరు. ఏడు ఇరవై ఐదుకు లిఫ్టు దిగడం, ఎక్కడం, దిగడం. పిల్లలతో కలిపి 78 మంది. పై అంతస్తు వాళ్ళు ఇంట్లోంచి దిండ్లు కూడా తెచ్చుకున్నారు.

స్తంభం వెనక స్క్రిప్టు పట్టుకుని కూర్చున్న నాకు స్టేజీ సగమే కనపడుతుంది, ప్రేక్షకులు మాత్రం మొత్తం కనపడతారు. మొదటి ఐదు నిమిషాలు కదులుతూనే ఉన్నారు. ఒక ఫోన్ మోగింది. తమ్ముడు హెల్మెట్‌తో ర్యాంపు మీద నుంచి పరుగెత్తుకొచ్చి "మేడమ్, 503 ఏ దిక్కు?" అని నిజంగా ప్రేక్షకుల్లో ఒకావిడనే అడిగినప్పుడు ఆవిడ పైకి చెయ్యి చూపించింది. అప్పటి నుంచి నిశ్శబ్దం.

స్క్రిప్టులో ఒకచోట అమ్మమ్మ "టైమెంతయిందమ్మా?" అని అడుగుతుంది. మిగతా ముగ్గురూ ఫోన్లలో ఉంటారు, ఎవరూ పలకరు. మూడు లెక్కపెట్టేదాకా మౌనం. అదే సీను ప్రాణం. నిన్న టీచరమ్మ అడిగారు. ఒకటి... రెండు... రెండో వరుసలోంచి 104 అవ్వ గట్టిగా, "ఎనిమిదీ పదయింది బిడ్డా" అంది.

నా గుండె ఆగినంత పనైంది. నాటికలో అప్పుడు రాత్రి పదకొండున్నర. టీచరమ్మ మెల్లగా అటు తిరిగారు. అవ్వ ముఖంలోకి చూశారు. "ఇంకా చానాసేపు కూసోవాలె అయితే" అన్నారు, అదే గొంతుతో. అవ్వ తలూపింది. ఒకరిద్దరు నవ్వారు. టీచరమ్మ మళ్ళీ ఇటు తిరిగి ఫోన్లు చూసుకుంటున్న ముగ్గురినీ ఒక్కొక్కరినీ చూశారు. నవ్వు ఆగిపోయింది. ఎక్కడో వెనక వరుసలో ఒకాయన చేతిలో వెలుగుతున్న ఫోన్ బోర్లించాడు. ఆ తర్వాత ఆవిడ ఒక్క మాట కూడా మరిచిపోలేదు. స్క్రిప్టు నా ఒళ్ళో మూసే ఉంది.

బిందె సీన్‌లో నేను స్టేజీ చూడలేదు, గది గడపలో నిలబడ్డ అక్కను చూశాను. అమ్మాయి మోకాలి మీద బిందె ఆపినప్పుడు అక్క కూడా ఊపిరి పీల్చింది.

402 ఆయన ఆలస్యంగా వచ్చి ర్యాంపు దగ్గర నిలబడి చూశారు. కుర్చీ ఇస్తే వద్దన్నారు. అయిపోయాక తమ్ముడి దగ్గరికి వచ్చి మొదట్లో ఏం జరిగిందని అడిగారు. వాడు లిఫ్టు పక్కనే ఆ పది నిమిషాలూ మళ్ళీ ఆడి చూపించాడు, నాలుగు పాత్రలూ తనే. ఆయన లిఫ్టు తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి చివరిదాకా చూశారు.

ఏప్రిల్ 24, గురువారం

లెక్కలు. బట్ట 2,400. లైట్లు, వైర్లు, ఆర్‌సీసీబీ 3,150. కుర్చీలు 640. సైడ్ వాల్స్ 900. జుమ్మేరాత్ బజార్ 850. చాయ్, బజ్జీలు 1,700. మొత్తం 9,640. ఇరవై ఇళ్ళకు పంచితే ఇంటికి 482 రూపాయలు. నూనె డబ్బాలు, బల్బులు, నల్లబట్ట మళ్ళీ వాడుకోవచ్చు, నా బాల్కనీలో పెట్టాను. బొంతలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాను. 104 అవ్వ మాత్రం తీసుకోలేదు, "మీ ఆటకే ఉండనియ్యి" అంది.

వచ్చేసారికి మార్చాల్సినవి: లైటు డబ్బాలకు ఇంకో రెండు చిల్లులు, బాగా వేడెక్కాయి. ప్రవేశాల మధ్య వెలుగు ఇంకా నెమ్మదిగా తగ్గాలి. మెడికల్ షాపు అన్న ఉపన్యాసంలో మూడు వాక్యాలు తిరిగి పెట్టాలి, అవి లేక ఆయన పాత్ర తేలిపోయింది. అది నా తప్పు.

నల్లకుంటలో టీచరమ్మ చెల్లెలి అపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగారు, మా దగ్గర కూడా వేస్తారా అని. వాళ్ళ సెల్లార్ ఎత్తు ఎనిమిదిన్నర అడుగులేనట, స్తంభాలు పది, సంపు బయట ఉందట. ఆదివారం పొద్దున టేపు పట్టుకుని వెళ్తున్నాం. అక్క కూడా వస్తానంది, బిందె ఎటు నుంచి ఎటు నడవాలో తను చూసుకోవాలట.